డిస్క్ అరేని సర్వర్‌కి కలపడం: పదాలు అర్థం చేసుకుంటూ, వరుసగా

"లన్ అంటే డిస్కేనా?" "నేను ఇచ్చింది ఒక్క డిస్కే, సర్వర్‌లో నాలుగు కనపడుతున్నాయేంటి?" కొత్తగా స్టోరేజ్ పనిలోకి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి ఈ రెండే. రెండిటికీ మూలం ఒకటే. అరేలో, అంటే చాలా డిస్కులను ఒకచోట పెట్టిన స్టోరేజ్ డబ్బాలో, మీరు కేటాయించిన జాగా ఒకటే అయినా, సర్వర్ దాకా వచ్చేలోపు దాని పేరు మూడు నాలుగుసార్లు మారుతుంది. పేరు ఎక్కడ మారిందో పట్టుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

అందుకే పదాల పట్టిక ఇవ్వకుండా, పని జరిగే వరుసలోనే ఒక్కో పదం దగ్గర ఆగుతూ వెళ్తాను. ఉదాహరణకి ఒక మామూలు సెటప్ తీసుకుందాం: 4 టీబీ డిస్కులు 12, రెండు కంట్రోలర్లు ఉన్న ఒక అరే, రెండు ఫైబర్ ఛానెల్ (స్టోరేజ్ కోసమే ఉండే విడి నెట్‌వర్క్) స్విచ్‌లు, ఒక లినక్స్ సర్వర్. ఐస్కజీ, అంటే మామూలు ఈథర్‌నెట్ మీదే స్టోరేజ్ కలిపే పద్ధతి, వాడేవాళ్లకు తేడా వచ్చేచోట విడిగా చెప్తాను.

1. ముందు కాగితం, పెన్ను

అరే మేనేజ్‌మెంట్ స్క్రీన్ తెరవకముందే ఒక కాగితం మీద బొమ్మ గీయండి. ఎడమవైపు సర్వర్, మధ్యలో రెండు స్విచ్‌లు, కుడివైపు అరే. దాని కింద ఈ నాలుగు పేర్లకు నాలుగు గడులు పెట్టుకోండి:

- అరే లోపల దాని పేరు: వాల్యూమ్
- సర్వర్‌కి అప్పగించేటప్పుడు దానికి వేసే నంబరు: లన్
- సర్వర్‌లో ఒక్కో దారి ద్వారా కనపడే పేరు: ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ
- ఆ దారులన్నీ కలిపాక వచ్చే ఒక్క పేరు: ఎంపాత్‌ఏ లాంటిది

ఈ నాలుగిటినీ కలిపే దారం వాల్యూమ్ గుర్తింపు సంఖ్య, అంటే డబ్ల్యూడబ్ల్యూఐడీ. పేర్లు మారినా ఇది మారదు. సర్వర్ రీబూట్ అయితే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీడీ కావచ్చు. కాబట్టి ఏ నోటులో రాసుకున్నా ఈ సంఖ్యతోనే రాసుకోండి.

పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి:

- సర్వర్ మోడల్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, హెచ్‌బీఏ (సర్వర్‌ని స్టోరేజ్ నెట్‌వర్క్‌కి కలిపే కార్డు) మోడల్
- ఆ మూడూ తమ అరేతో పనిచేస్తాయని అరే తయారీదారు ఇచ్చిన సపోర్ట్ జాబితా
- ఎంత జాగా కావాలి, అందులో చదవడం ఎంత, రాయడం ఎంత
- ఈ రోజుకి తీసిన బ్యాకప్, అది రీస్టోర్ అవుతుందన్న రుజువు

2. డిస్కులు, రెయిడ్ గ్రూపు: లెక్క ఇక్కడే తేల్చుకోండి

కొన్ని డిస్కులను కలిపి ఒక కుప్పగా చేస్తే అది రెయిడ్ గ్రూపు. కొన్ని కంపెనీలు దీన్ని పూల్ అంటాయి, కొన్ని అరే అనే అంటాయి. అంటే డబ్బా మొత్తమూ అరేనే, లోపలి గుంపూ అరేనే. మాన్యువల్ చదివేటప్పుడు ఏ అర్థంలో వాడారో ముందు చూసుకోండి.

హాట్ స్పేర్ అంటే ఏ గుంపులోనూ పడకుండా ఖాళీగా తిరుగుతూ, ఏ డిస్క్ పోయినా వెంటనే దాని స్థానంలోకి వచ్చే డిస్కు. దాన్ని లెక్కలోంచి ముందే తీసేయాలి.

మన 12 డిస్కుల్లో ఒకటి స్పేర్. మిగిలిన 11తో రెయిడ్ 6 చేస్తే రెండు డిస్కులంత జాగా పారిటీకి, అంటే పోయిన డిస్కులోని డేటాను తిరిగి లెక్కగట్టే సమాచారానికి, పోతుంది. 9 × 4 = 36 టీబీ. సర్వర్ దాన్ని 1024 లెక్కన చూస్తుంది కాబట్టి 32.7 దగ్గర కనపడుతుంది. "మూడు టీబీ ఎవరు తిన్నారు?" అని వెండర్‌తో గొడవపడే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

అదే రెయిడ్ 10 అయితే డిస్కులు జంటలుగా ఉండాలి, జంటలో ఒకదానికి ఇంకొకటి నకలు. 10 డిస్కులు వాడి, రెండు స్పేర్లు పెడితే 20 టీబీ, అంటే కనపడేది 18.2.

జాగాలో రెయిడ్ 6 గెలిచింది. వేగంలో? నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు సుమారు 75 చదవడం-రాయడం పనులు చేస్తుంది. ఈ పనుల సంఖ్యనే ఐఆప్స్ అంటారు. సర్వర్ ఒక్కసారి చిన్న ముక్క రాస్తే, వెనక డిస్కుల మీద రెయిడ్ 10లో 2 పనులు, రెయిడ్ 5లో (పారిటీ ఒక్క డిస్కంతే ఉండేది) 4, రెయిడ్ 6లో 6 జరుగుతాయి. దీన్ని రైట్ పెనాల్టీ అంటారు.

నూటికి 70 చదవడం, 30 రాయడం అనుకుంటే:

- రెయిడ్ 6: 11 × 75 = 825. దాన్ని (0.7 + 0.3 × 6) అంటే 2.5తో భాగిస్తే 330 ఐఆప్స్.
- రెయిడ్ 10: 10 × 75 = 750. దాన్ని (0.7 + 0.3 × 2) అంటే 1.3తో భాగిస్తే దాదాపు 577.

ఇది క్యాష్ (కంట్రోలర్‌లోని వేగమైన తాత్కాలిక మెమరీ) సాయం లేని లెక్క. ఫైళ్లు దాచుకోవడానికి రెయిడ్ 6 చాలు. పగలంతా ఎంట్రీలు పడే డేటాబేస్ అయితే జాగా పోయినా నేను రెయిడ్ 10 వైపే వెళ్తాను. పెద్ద డిస్కులతో రెయిడ్ 5 మాత్రం చేయకండి. ఒక డిస్క్ పోయాక కొత్తదాన్ని నింపడాన్ని రీబిల్డ్ అంటారు. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసినా 4 టీబీకి 11 గంటలు పైనే పడుతుంది. మామూలు పని కూడా నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఆ సమయంలో రెండో డిస్క్ పోతే రెయిడ్ 5 దగ్గర జవాబు లేదు.

3. కంట్రోలర్, క్యాష్

కంట్రోలర్ అంటే అరే మెదడు. సర్వర్ అడిగింది ఏ డిస్కులో ఉందో తెలిసేది దానికే. మంచి అరేలో రెండు ఉంటాయి. ఒకటి పడిపోతే రెండోది ఆ పని అందుకుంటుంది, అదే ఫెయిలోవర్.

చాలా మధ్యస్థాయి అరేల్లో ఒక్కో వాల్యూమ్‌కి ఒక కంట్రోలర్ యజమాని. రెండో కంట్రోలర్ ద్వారా కూడా వాల్యూమ్ అందుతుంది కానీ చుట్టుదారి. దగ్గరిదారి ఏదో, చుట్టుదారి ఏదో సర్వర్‌కి చెప్పే ఏర్పాటే ఆలువా. ఈ పదం 8వ మెట్టులో మళ్లీ వస్తుంది.

క్యాష్ దగ్గర చూడాల్సింది ఒక్కటే. రైట్ బ్యాక్ పద్ధతిలో, డేటా ఇంకా డిస్కుకి చేరకుండానే "రాసేశాను" అని కంట్రోలర్ సర్వర్‌కి చెప్పేస్తుంది. కరెంటు పోతే ఆ డేటాను కాపాడేది కంట్రోలర్‌లోని బ్యాటరీ. అది పాడైతే అరే తనంతట తానే రైట్ త్రూలోకి, అంటే డిస్కుకి చేరాకే చెప్పే పద్ధతిలోకి మారుతుంది. నిన్నటిదాకా బాగా నడిచిన సర్వర్ ఈ రోజు ఉన్నట్టుండి నత్తనడక నడుస్తోందంటే, డేటాబేస్ వాళ్లని తిట్టే ముందు ఒకసారి ఈ బ్యాటరీ చూడండి.

4. ఏ దారిలో కలపాలి?

మూడు దారులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

ఒకటి, సాస్ కేబుల్‌తో నేరుగా. సర్వర్లు రెండో మూడో అయితే ఇదే తేలిక. స్విచ్ ఉండదు, జోనింగ్ (6వ మెట్టులో వస్తుంది) ఉండదు. అరే సర్వర్‌కి దగ్గర్లో, వీలైతే అదే ర్యాకులో ఉండాలి.

రెండు, ఫైబర్ ఛానెల్. విడి స్విచ్‌లు, సర్వర్‌లో హెచ్‌బీఏ కార్డు కావాలి. ఖర్చు ఎక్కువ, గొడవలు తక్కువ.

మూడు, ఐస్కజీ. మామూలు ఈథర్‌నెట్ మీదే నడుస్తుంది. అరే 3260 పోర్టు మీద వింటుంది. తక్కువలో అవుతుందని ఆఫీసు నెట్‌వర్క్ స్విచ్‌లోనే కలిపేస్తారు కొందరు. అలా చేయకండి. దానికి విడి స్విచ్‌లు, కనీసం విడి వీల్యాన్ (అదే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్) ఉండాలి.

ఇక్కడ రెండు పదాలు: అడిగేవాడు ఇనీషియేటర్, అంటే సర్వర్. ఇచ్చేవాడు టార్గెట్, అంటే అరే. ఏ దారి ఎంచుకున్నా ఈ రెండూ ఉంటాయి.

5. కేబుల్స్, కరెంటు

ఎస్‌ఎఫ్‌పీ అంటే పోర్టులో దూర్చే చిన్న మాడ్యూల్. ఫైబర్ కేబుల్ దానిలోకి వెళ్తుంది. 16 గిగాబిట్ ఫైబర్ ఛానెల్‌కి ఓఎం3 కేబుల్ 100 మీటర్ల దాకా, ఓఎం4 అయితే 125 మీటర్ల దాకా పనిచేస్తుంది. 32 గిగాబిట్ అయితే ఓఎం3 70 మీటర్లకే ఆగుతుంది. అంత దూరం లాగని పాత నారింజరంగు కేబుల్ బీరువాలో ఉంది కదా అని వాడేయకండి.

మన ఉదాహరణలో కలపాల్సిన తీరు:

- సర్వర్ హెచ్‌బీఏ మొదటి పోర్టు → స్విచ్ 1
- సర్వర్ హెచ్‌బీఏ రెండో పోర్టు → స్విచ్ 2
- కంట్రోలర్ ఏ: ఒక పోర్టు స్విచ్ 1కి, ఒకటి స్విచ్ 2కి
- కంట్రోలర్ బీ: ఒక పోర్టు స్విచ్ 1కి, ఒకటి స్విచ్ 2కి
- స్విచ్ 1కీ స్విచ్ 2కీ మధ్య కేబుల్ వద్దు

చివరిది చాలామందికి వింతగా ఉంటుంది. ఒక్కో స్విచ్ ఒక్కో ఫ్యాబ్రిక్, అంటే దేనికదే విడి నెట్‌వర్క్. రెండిటినీ కలిపితే ఒకదాంట్లో జరిగిన తప్పు రెండోదాన్నీ ముంచుతుంది.

ఇప్పుడు దారులు లెక్కపెట్టండి. ఒక్కో హెచ్‌బీఏ పోర్టు తన స్విచ్ మీద రెండు కంట్రోలర్ పోర్టులను చూస్తుంది. 2 × 2 = 4. సర్వర్‌లో నాలుగు డిస్కులు కనపడింది ఇందుకే. డిస్కు ఒకటే, దారులు నాలుగు.

కరెంటు విషయంలో నేను కళ్లారా చూసిన తప్పు ఒకటుంది. ఒక ఆఫీసులో అరేకి రెండు పవర్ సప్లైలు ఉన్నాయి, రెండు యూపీఎస్‌లూ ఉన్నాయి. కానీ రెండు వైర్లూ ఒకే యూపీఎస్‌లో గుచ్చారు, అక్కడ సాకెట్ దగ్గరగా ఉందని. ఆ యూపీఎస్ బ్యాటరీలు చచ్చిన రోజు అరే కూడా ఆగిపోయింది. వైరు వెనకాలే వేలు పెట్టుకుని గోడదాకా వెళ్లి చూడండి, సిగ్గుపడకండి.

ఆన్ చేసే వరుస: స్విచ్‌లు, అదనపు డిస్కుల షెల్ఫ్‌లు, కంట్రోలర్ ఉన్న డబ్బా, చివర సర్వర్. ఆపేటప్పుడు దీనికి తిరగేసి.

6. జోనింగ్, లేదా ఐస్కజీ అడ్రసులు

ఫైబర్ ఛానెల్‌లో ప్రతి పోర్టుకి పుట్టుకతో వచ్చిన 16 స్థానాల గుర్తింపు ఉంటుంది. అదే డబ్ల్యూడబ్ల్యూపీఎన్. దీనికి అన్నలాంటిది ఇంకొకటి ఉంది, డబ్ల్యూడబ్ల్యూఎన్‌ఎన్. అది మొత్తం పరికరానిది. జోనింగ్‌లో వాడాల్సింది పోర్టుదే. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కాపీ చేసేటప్పుడు జాగ్రత్త.

జోన్ అంటే ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో స్విచ్‌లో రాసిపెట్టే జాబితా. చేసే వరుస:

1. ప్రతి డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌కి మనుషులు చదవగలిగే మారుపేరు పెట్టండి.
2. ఒక్కో జోన్‌లో ఒకే ఒక్క సర్వర్ పోర్టు, అది చూడాల్సిన అరే పోర్టులు పెట్టండి. రెండు సర్వర్లను ఒకే జోన్‌లో పెట్టకండి.
3. జోన్‌ను జోన్ సెట్‌లో చేర్చండి.
4. జోన్ సెట్‌ను యాక్టివేట్ చేయండి, సేవ్ చేయండి.
5. రెండో స్విచ్ మీద ఇదంతా మళ్లీ చేయండి.

నాలుగో మెట్టు మర్చిపోవడమే అందరూ చేసే పొరపాటు. జోన్ రాసి ఉంటుంది, అమల్లో ఉండదు.

ఐస్కజీ వాళ్లకు జోనింగ్ బదులు ఇవి:

- సర్వర్ గుర్తింపు ఐక్యూఎన్ అనే పొడుగాటి పేరు. ఒక సర్వర్‌ని క్లోన్ చేసి ఇంకోటి తయారుచేస్తే రెండిటికీ ఒకే ఐక్యూఎన్ వస్తుంది. అరే ఆ రెండిటినీ ఒకటే అనుకుంటుంది. క్లోన్ చేశాక మొదట మార్చాల్సింది అదే.
- రెండు నెట్‌వర్క్ పోర్టులు రెండు వేరు సబ్‌నెట్లలో పెట్టండి. గేట్‌వే ఇవ్వకండి. రెండిటినీ బాండింగ్ చేయకండి, అంటే కలిపి ఒకే పోర్టులా వాడకండి. దారులు కలిపే పని మల్టీపాత్‌ది (8వ మెట్టు).
- జంబో ఫ్రేమ్‌లు (మామూలు కన్నా పెద్ద ప్యాకెట్లు) వాడితే ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ట సైజు, 9000 అని సర్వర్‌లోనూ, స్విచ్‌లోనూ, అరేలోనూ పెట్టాలి. ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 8972 బైట్ల (9000లో హెడర్లకు 28 పోగా) పింగ్ పంపి చూడండి. వెళ్లకపోతే మధ్యలో ఎవరో 1500 దగ్గరే ఉన్నారు.

7. వాల్యూమ్ చేయడం, సర్వర్‌కి అప్పగించడం

రెయిడ్ గ్రూపులోంచి కోసిన ముక్క వాల్యూమ్. చేసేటప్పుడు థిక్ కావాలా, థిన్ కావాలా అని అడుగుతుంది. థిక్ అంటే మొత్తం జాగా ఇప్పుడే పక్కన పెట్టడం. థిన్ అంటే రాసేకొద్దీ ఇవ్వడం. థిన్ మంచిదే కానీ, ఐదొందల మందికి శుభలేఖలు పంచి మూడొందల విస్తళ్లకు వండినట్టు. అందరూ ఒకేసారి రారన్న నమ్మకం మీద నడుస్తుంది. పూల్ పూర్తిగా నిండితే దాని మీదున్న థిన్ వాల్యూమ్‌లన్నిట్లో రాయడం ఆగిపోతుంది. 70 శాతం దగ్గర ఒకటి, 85 దగ్గర ఒకటి అలర్ట్ పెట్టకుండా థిన్ జోలికి వెళ్లకండి.

తర్వాత అరేలో సర్వర్‌ని హోస్ట్‌గా నమోదు చేయాలి. పేరు, దాని రెండు డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్ రకం ఇవ్వండి. రకం తప్పుగా ఇస్తే అన్నీ కనపడతాయి కానీ ఫెయిలోవర్ సమయంలో తేడా చేయొచ్చు.

ఇప్పుడు మ్యాపింగ్: ఈ వాల్యూమ్ ఈ హోస్ట్‌కి, ఈ నంబరుతో. ఆ నంబరే లన్. అంటే లన్ అసలు డిస్కు కాదు, ఒక ఇంటికి ఒక వీధిలో వేసిన నంబరు. అదే వాల్యూమ్‌ని ఇంకో సర్వర్‌కి ఇంకో నంబరుతో కూడా ఇవ్వొచ్చు. వాడుకలో మాత్రం వాల్యూమ్‌నే లన్ అనేస్తాం, నేనూ అంటాను.

అలా "ఇవ్వొచ్చు" అన్నచోటే పెద్ద ప్రమాదం ఉంది. ఒకే వాల్యూమ్‌ని రెండు సర్వర్లకి ఇచ్చి, రెండిట్లోనూ ఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, ఎన్టీఎఫ్ఎస్ లాంటి మామూలు ఫైల్ సిస్టమ్‌తో మౌంట్ చేస్తే డేటా పాడవుతుంది. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. మొదటి రోజు అంతా బాగానే కనపడటం ఇందులో అసలు మోసం. వీఎంఎఫ్ఎస్, జీఎఫ్ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ ఉంటేనే పంచుకోవాలి. కేవలం ఫైళ్లు ఇద్దరికీ కనపడాలంటే మీకు కావాల్సింది లన్ కాదు, ఫైల్ షేర్.

8. సర్వర్ వైపు: నాలుగిటిని ఒకటిగా చేయడం

మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ ముందే వేయండి. లినక్స్‌లో డివైస్ మ్యాపర్ మల్టీపాత్, విండోస్‌లో ఎంపీఐఓ ఫీచర్. ఆ తర్వాతే స్కజీ రీస్కాన్, అంటే కొత్త డిస్కుల కోసం సర్వర్‌ని మళ్లీ వెతకమనడం, చేయండి.

లినక్స్‌లో మల్టీపాత్ కమాండ్‌ని చిన్న ఎల్ అక్షరం రెండుసార్లు ఉన్న ఆప్షన్‌తో నడపండి. కనపడాల్సినవి:

- ఒక్కటే ఎంపాత్ పేరు, పక్కన అరేలో చూపించిన అదే డబ్ల్యూడబ్ల్యూఐడీ
- మీరు కాగితం మీద లెక్కపెట్టినన్ని దారులు, మన ఉదాహరణలో నాలుగు
- అన్నీ యాక్టివ్, రెడీ
- రెండు గుంపులు: దగ్గరిదారులకు ప్రాధాన్యం 50, చుట్టుదారులకు 10

ఈ చివరిది ఆలువా పనిచేస్తోందన్న గుర్తు. నాలుగిటికీ ఒకే ప్రాధాన్యం కనపడితే అరే మాన్యువల్‌లో ఇచ్చిన మల్టీపాత్ సెట్టింగులు పెట్టలేదేమో చూడండి. కొన్ని అరేల్లో రెండు కంట్రోలర్లూ సమానమే, అక్కడ ఒకే గుంపు రావడం సహజం.

9. పార్టిషన్, ఫైల్ సిస్టమ్, మౌంట్

ఇక్కడి నుంచి ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అన్న పేర్లు మర్చిపోండి. పార్టిషన్ అయినా, ఎల్‌వీఎం (లినక్స్‌లో జాగాను సైజు మార్చుకోగలిగేలా పంచే ఏర్పాటు) అయినా ఎంపాత్ పేరు మీదే. పొరపాటున ఎస్‌డీబీ మీద చేస్తే ఒక్క దారి మీద ఇల్లు కట్టినట్టే.

- 2 టీబీ దాటితే జీపీటీ పార్టిషన్ పట్టిక. పాత ఎంబీఆర్ అంతకు మించి చూడలేదు.
- ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైల్) ఫైల్ సిస్టమ్ యూయూఐడీ, అంటే దాని గుర్తింపు సంఖ్య గానీ, ఎల్‌వీఎం పేరు గానీ రాయండి.
- ఐస్కజీ అయితే నెట్‌వర్క్ వచ్చాకే మౌంట్ చేయమనే నెట్‌డెవ్ ఆప్షన్ చేర్చండి. లేకపోతే రీబూట్ తర్వాత సర్వర్ మధ్యలో నిలబడిపోతుంది.

10. అప్పగించే ముందు కేబుల్ పీకండి

యూజర్లు ఎక్కకముందే చేయాల్సిన పరీక్ష ఇది. ఎక్కాక ధైర్యం చాలదు.

1. వాల్యూమ్ మీద పెద్ద ఫైల్ రాయడం మొదలుపెట్టండి.
2. హెచ్‌బీఏ మొదటి పోర్టు కేబుల్ తీయండి. కొన్ని సెకన్లు ఆగి, రాయడం కొనసాగాలి. రెండు దారులు ఫెయిల్ అని కనపడాలి.
3. కేబుల్ పెట్టి, నాలుగూ తిరిగొచ్చేదాకా ఆగండి. ఆ తర్వాతే రెండో పోర్టు కేబుల్ తీయండి.
4. ఒక్కో స్విచ్, తర్వాత ఒక్కో కంట్రోలర్ ఇలాగే, ఒకదాని తర్వాత ఒకటి రీస్టార్ట్ చేసి చూడండి.
5. చివరగా సర్వర్‌ని రీబూట్ చేసి, మీ చేయి పడకుండానే మౌంట్ అయిందో లేదో చూడండి.

11. తేడా వస్తే ఎక్కడ చూడాలి

లన్ అసలు కనపడటం లేదు: కింది నుంచి పైకి వెళ్లండి. పోర్టు లైటు వెలిగిందా? స్విచ్‌లో ఆ డబ్ల్యూడబ్ల్యూపీఎన్ లాగిన్ అయిందా? జోన్ యాక్టివేట్ అయిందా? అరేలో ఆ వాల్యూమ్ ఈ హోస్ట్‌కే మ్యాప్ అయిందా? రీస్కాన్ చేశారా? వరుస తప్పి చూస్తే పొద్దంతా పోతుంది.

నాలుగు దారులకి రెండే ఉన్నాయి: దాదాపు ఎప్పుడూ రెండో స్విచ్ జోనింగ్ మర్చిపోయారు, లేదా హోస్ట్‌లో రెండో డబ్ల్యూడబ్ల్యూపీఎన్ చేర్చలేదు.

వాల్యూమ్ పెంచినా సర్వర్‌లో పాత సైజే: ముందు ఒక్కో దారిని రీస్కాన్ చేయాలి, తర్వాత ఎంపాత్ సైజు, తర్వాత పార్టిషన్ లేదా ఎల్‌వీఎం, చివర ఫైల్ సిస్టమ్. నాలుగు పేర్లు ఉన్నాయి కాబట్టి నాలుగుచోట్లా పెంచాలి.

డిస్క్ పోయింది: మార్చే ముందు అరే స్క్రీన్ నుంచి ఆ డిస్కు లైటు మినుకుమనేలా చేయండి. స్లాట్ నంబర్లు 0 నుంచా 1 నుంచా అన్న తికమకలో పక్క డిస్కు పీకినవాళ్లు ఉన్నారు. నేనూ ఒకసారి పీకాను. రెయిడ్ 6 కాబట్టి బతికిపోయాను.

స్నాప్‌షాట్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు: స్నాప్‌షాట్, అంటే ఒక క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో పట్టి ఉంచిన రూపం, అదే డిస్కుల మీద ఉంటుంది. డబ్బా కాలిపోతే రెండూ పోతాయి.

12. తీసేసేటప్పుడు

ఇక్కడ తొందరపడితే సర్వర్ వేలాడిపోతుంది. అరేలో ముందు మ్యాపింగ్ తీసేస్తే సర్వర్ లేని దారుల కోసం వెతుకుతూ కూర్చుంటుంది. వరుస ఇది:

1. అప్లికేషన్ ఆపండి, అన్‌మౌంట్ చేయండి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోంచి తీయండి.
2. ఎల్‌వీఎం ఉంటే దాన్ని డీయాక్టివేట్ చేయండి.
3. ఎంపాత్ పేరు తీసేయండి. దాని కింద ఉన్న నాలుగు ఎస్‌డీ పేర్లు ముందే రాసిపెట్టుకోండి.
4. ఆ నాలుగు స్కజీ డివైస్‌లనూ సర్వర్‌లోంచి తొలగించండి.
5. ఇప్పుడు అరేలో మ్యాపింగ్ తీయండి, డబ్ల్యూడబ్ల్యూఐడీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని.

వాల్యూమ్‌ని మాత్రం వెంటనే డిలీట్ చేయకండి. నేనైతే మ్యాపింగ్ తీశాక రెండు వారాలు అలాగే ఉంచుతాను. "ఆ డ్రైవ్‌లో మా పాత ఫోల్డర్ ఒకటి ఉండేదండీ" అనే ఫోను సాధారణంగా రెండో వారంలో వస్తుంది.